రెండు తాళాల గేటు

కృష్ణమూర్తితో కాపురంలో అనసూయకు పెద్ద కష్టాలేమీ లేవు. ఆయన తాగడు, పేకాడడు, కూరలో ఉప్పు తక్కువైతే గొడవ చేయకుండా లేచి వేసుకుంటాడు. ఉన్నదల్లా ఒక్కటే బాధ. తాళం పడని వస్తువును ఆయన నమ్మడు. మిర్యాలగూడలో రైసుమిల్లు గోడౌన్ ఇన్‌చార్జిగా ఉద్యోగమంతా చేసి, రిటైరై కోదాడ వచ్చేటప్పుడు మిల్లును అక్కడే వదిలేశాడు గాని, గోడౌన్‌ను మాత్రం వెంట తెచ్చుకున్నాడు. స్కూటర్‌కు తాళం, స్కూటర్ పెట్టే షెడ్డుకు తాళం, ఆ షెడ్డు తాళంచెవి దాచే డబ్బాకు తాళం. చక్కెర డబ్బాకు కూడా వేస్తానన్న రోజున అనసూయ సాయంత్రం దాకా చక్కెర లేని చాయ్ ఇచ్చింది. ఆ ఆలోచన అక్కడితో ఆగిపోయింది.

ఆదివారం నాడు ఆయన సూర్యాపేట వెళ్ళి, మధ్యాహ్నానికి ఆటోలో ఒక నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ముతో దిగాడు. దాన్ని కౌగిలించుకొని మెట్లెక్కి వచ్చి హాలు మధ్యలో నిలబెట్టాడు.

“ఏందిది? పచ్చడి పెడ్తున్నమా ఈ ఏడు?” అంది అనసూయ.

“నవ్వు, నవ్వు. ఎమర్జెన్సీ డ్రమ్ము ఇది. నీళ్ళల్ల పడ్డా మునగదు.”

మూత తీసి ఒక్కొక్కటీ బయట పెట్టాడు. టార్చిలైట్లు, నైలాన్ తాడు, కొవ్వొత్తులు, రెయిన్‌కోట్లు, బిస్కెట్ ప్యాకెట్లు, మెడలో వేసుకునే ఒక విజిల్. అడుగు నుంచి నారింజ రంగు లైఫ్ జాకెట్ ఒకటి తీసి దులిపి, ఆమె భుజాల మీద పెట్టి చూశాడు.

“ఒక్కటే దొరికింది. నీకే. నాకు ఈతొచ్చు. పెద్దవూర కాలువల నేర్చుకున్న.”

అనసూయ చీర మీదనే దాన్ని తొడుక్కొని అద్దం ముందు నిలబడింది. “దీనితోని కూరగాయలకు పోవచ్చా?”

ఆయన నవ్వలేదు. బకిల్ ఎట్లా పెట్టాలో చూపిస్తూ, తల వంచుకునే అన్నాడు. “మొగులైతే చాలు, నీకు చేతులు వణుకుతయ్. చూస్తలేననుకున్నవా? మొన్న పెసర్లు ఏరుకుంట చాట ఇడిశిపెట్టినవ్.”

అది నిజమే. పోయినేడు వాగు పొంగి కాలనీలోకి నీళ్ళొచ్చినప్పటి నుంచి, రేకుల మీద చినుకుల చప్పుడు మొదలైతే ఆమె చేతులు వాటంతట అవే చేస్తున్న పని వదిలేస్తున్నాయి. అది నీళ్ళ భయమని ఆయన అనుకుంటున్నాడు. కాదని ఆమె ఎప్పుడూ చెప్పలేదు. మూడు దుకాణాలు తిరిగి తన కోసం జాకెట్ తెచ్చిన మనిషికి ఇప్పుడు మాత్రం ఏం చెబుతుంది? బకిల్ బిగుతుగా ఉందంది. ఆయన వదులు చేశాడు.

తర్వాత సామానంతా డ్రమ్ములో సర్ది, మూతను బిగించే ఇనుప పట్టీకి ఒక చిన్న ఇత్తడి తాళం వేశాడు.

“దీనికి గూడ తాళమా?”

“మరి ఎవరన్న తీస్తే?”

“ఎవరు తీస్తరు?”

ఆయన కళ్ళు ఒకసారి కింది అంతస్తు వైపు, అంటే గచ్చు వైపు పోయి వచ్చాయి. “బిస్కెట్లున్నయ్ గదా అండ్ల,” అన్నాడు.

కింద కిరాయికి ఉండేది మల్సూర్ కుటుంబం. అతనికి ట్రాలీ ఆటో ఉంది. భార్య రాణి జాకెట్లు కుడుతుంది. నాలుగేళ్ళ కూతురు రమ్య, మోకాళ్ళు పట్టేసిన తల్లి లక్ష్మీనర్సమ్మ. వాళ్ళ గది ముందు నుంచే బయటి మెట్లు పైకి వస్తాయి. పై మెట్టు దగ్గర ఇనుప గ్రిల్లు గేటు, దానికి నొక్కితే పడే పెద్ద తాళాలు రెండు. గోడౌన్‌లో ఒక తాళం మిల్లుది, ఒకటి సర్కారు ఆఫీసరుది. ఇద్దరూ ఉంటేనే తలుపు తెరుచుకుంటుంది. ఇక్కడ మిల్లు కృష్ణమూర్తి, ఆఫీసరు అనసూయ. పగలు రెండూ తెరిచి వేలాడుతుంటాయి. ఆయన ఊళ్ళో లేని రోజు మాత్రం పొద్దు గూకగానే ఆమె రెండూ నొక్కేయాలి. ఆయన తిరిగి వచ్చేదాకా ఆయన తాళం తెరుచుకోదు. “దొంగ నీ మెడ మీద కత్తి పెట్టినా నువ్వు గేటు తియ్యలేవు,” అని ఆయన ధైర్యం చెప్పేవాడు. ఆయన తాళం మీద రోకలి దెబ్బల సొట్టలున్నాయి. ఇంటికి ఎవరొచ్చినా వాటిని చూపిస్తాడు. “మా ఆడామె రోకలితోని కొట్టినా ఊడలే. కంపెనీ మాల్ అంటే ఇది!” అంటాడు.

వచ్చినవాళ్ళు తాళాన్ని మెచ్చుకుంటారు. రోకలి ఎందుకు ఎత్తాల్సి వచ్చిందని ఇంతవరకు ఎవరూ అడగలేదు.

*

మర్నాడు అనసూయ జాకెట్ గుడ్డ తీసుకొని కిందికి దిగింది. రాణి మిషను మీద లేదు. గిన్నెలన్నీ పాత చీరలో పోసి మూట కడుతోంది. మంచం మీద రమ్య నిద్రపోతోంది. లక్ష్మీనర్సమ్మ గడప దగ్గర కాళ్ళు చాపుకొని, మోకాళ్ళకు నూనె రాసుకుంటోంది.

“ఊరికి పోతున్నరా?”

రాణి మూట మీద మోకాలు పెట్టి ముడి బిగించింది. “చివ్వెంలల ఇల్లు సూసొచ్చిండమ్మా మా ఆయన. మీదింటి అర్ర. చిన్నదే గని, మీదుంది. ఈ వారంల పోతం.”

“నాకొక మాట చెప్పకుంటనా?”

“చెప్దామనే అనుకున్న. నోరు రాలే.” రాణి లేచి స్టూలు జరిపింది. “మా అత్తమ్మ సంగతి తెల్సు గదా. చినుకు వడితే లేసి పోయి మెట్ల మీద కూసుంటది. మొన్న గట్లనే కూసుంటే దగ్గు వట్టింది. లోపటికి రమ్మంటే రాదు.”

“ముందుగాలనే కూసుంటే మంచి జాగ దొరుకుతదని పోతున్న,” అంది లక్ష్మీనర్సమ్మ, మోకాలు వదలకుండానే. “బస్సుల కర్చీపు ఏసినట్టు.”

ముగ్గురూ నవ్వారు. నవ్వు అయిపోయాక రాణి మూటను గోడవారకు జరిపింది.

“మీరు మంచోళ్ళమ్మా,” అంది రాణి మెల్లగా. “సారు గూడ మంచోడే. పోరికి జరమొస్తే రాత్రి పూట స్కూటర్ మీద దవాఖానకు తీస్కపోయిండు. ఆ గేటు ఒక్కటే మంచిగ లేదు.”

అనసూయ జాకెట్ గుడ్డను నాలుగు మడతలు పెట్టింది, విప్పింది, మళ్ళీ పెట్టింది. కొలత ఇవ్వకుండానే పైకి వచ్చేసింది.

కృష్ణమూర్తి గచ్చు మీద కూర్చొని ఆధార్ కార్డుల జిరాక్సులు, పాస్‌బుక్కులు ఒక పాలిథిన్ కవరులో పెట్టి, కొవ్వొత్తి మంటతో అంచు అతికిస్తున్నాడు. చాలా శ్రద్ధగా చేస్తున్నాడు.

“మల్సూర్ వాళ్ళు ఖాళీ చేస్తున్నరంట.”

“ఎందుకు? కిరాయి పెంచలే గద నేను.”

“గేటు గురించి.”

“గేటేం జేసింది?” కొవ్వొత్తి పక్కన పెట్టాడు. “ఆ రోజు మెట్ల మీద మంచిగనే ఉన్నరు గదా! నీళ్ళు సగం మెట్ల దాకనే వచ్చినయ్. ఎవరికన్న ఏమన్న అయిందా?”

ఈ మాట ఆయన ఏడాదిగా అంటున్నాడు. వరద వచ్చిన రోజు పెళ్ళికని మిర్యాలగూడలో ఉండిపోయి, రోడ్డు తెగి, మర్నాడెప్పుడో ఇల్లు చేరి, గేటు తీస్తూ మొదట అన్నది కూడా ఇదే. ఈ మాట వినగానే లేచి వంటింట్లోకి పోవడం అనసూయకు అలవాటైపోయింది. ఈసారి కూడా లేచింది. గడప దాకా పోయి వెనక్కి తిరిగింది.

“ఏమండీ, డ్రమ్మయితే తెచ్చిండ్రు. రేపు నిజంగ నీళ్ళొస్తే ఎవరేం చెయ్యాలె? మీ మిల్లుల ఫైర్ డ్రిల్లు చేయిస్తుంటిరి గదా. గట్ల ఒకసారి చేస్తే నాకు జర ధైర్యం వస్తది.”

ఆయన మొహం ట్యూబ్‌లైటులా ఒక్క క్షణం ఆగి వెలిగింది. “మంచి మాటన్నవ్.”

“కిందోళ్ళను గూడ పిలుస్తా.”

“వాళ్ళెట్లనో పోతున్నరు గదా. వాళ్ళెందుకు?”

“హమాలీలు లేకుంట మిల్లుల ఎన్నడన్న డ్రిల్లు చేసిండ్రా?”

లేదు. అది ఆయన ఒప్పుకోవలసి వచ్చింది.

*

మంగళవారం భారీ వర్షాలని ఫోన్లన్నీ పొద్దుటి నుంచీ చెబుతూనే ఉన్నాయి. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక ఆకాశం బొగ్గు రాసినట్టయింది. కృష్ణమూర్తి లుంగీ విప్పి, ప్యాంటు వేసి, టక్ చేసి, బూట్లు తొడుక్కొని మెడలో విజిల్ వేసుకున్నాడు. రిటైర్మెంట్ నాటి తర్వాత ఆయన్ను ఇంత సంతోషంగా అనసూయ చూడలేదు.

“అందరు ముందుగాల కింద వాకిట్ల నిలవడాలె. లెక్క చూసినంక మీదికెక్కాలె. అదే రూలు.”

వంటగ్యాస్ రెగ్యులేటర్ ఎట్లా తిప్పి తీయాలో రాణితో చేయించాడు. కరెంటు మెయిన్ ఆపేటప్పుడు చేతులు తడిగా ఉండకూడదని, కాళ్ళకు చెప్పులుండాలని మల్సూర్‌కు చెప్పాడు. తాగే నీళ్ళ క్యాన్లు నింపించాడు. బీపీ గోలీలు, కార్డుల కవరు, ఫోను చార్జర్లు ఒక చేతిసంచీలో వేసి అనసూయకు ఇచ్చాడు. నిజానికి అన్నీ పనికొచ్చే మాటలే. మల్సూర్ కూడా మొదట నవ్వుతూ నిలబడ్డవాడు కాసేపటికి శ్రద్ధగా వినసాగాడు.

“మా అమ్మను ఎట్ల సారూ? ఎత్తుకుంటే మోకాళ్ళు నొస్తున్నయంటది.”

“కుర్చీ! ప్లాస్టిక్ కుర్చీల కూసోవెడ్దాం. నువ్వొక దిక్కు, నేనొక దిక్కు.” ఆ ఆలోచన ఆయనకు అప్పటికప్పుడు తట్టిందే. దానికి ఆయనే మురిసిపోయాడు.

“ఆగుండ్రి, మీద అన్ని సరిగ్గ ఉన్నయో లేదో సూసొస్త,” అని గబగబా మెట్లెక్కాడు. కిటికీలు సరిగ్గా మూస్తాడో లేదో చూద్దామని అనసూయ కూడా సగం దాకా ఎక్కింది. ఆయన కిటికీలు మూసి, గేటు దాటి, దగ్గరికి లాగాడు. ఆ తర్వాత జరిగింది ఆయన చేయలేదు, ఆయన చెయ్యి చేసింది. ముప్పై ఏళ్ళు గోడౌన్ దాటిన ప్రతిసారీ చేసిన పనే. వేలాడుతున్న తాళాలు రెండింటినీ కొక్కేనికి తగిలించి, బొటనవేలితో టక్కు, టక్కుమని నొక్కేసింది.

అనసూయ చూసింది. ఆమె తాళంచెవి ఆమె మెడలో పిన్నీసుకే ఉంది. ఆయనది ఎక్కడుందో కూడా ఆమెకు తెలుసు. విప్పిన నీలం గళ్ళ లుంగీ ముడిలో, మంచం మీద. నోరు తెరిచి ఒక్క మాట అంటే, ఇంకేం చేయాలో వాన రాకముందే ఆలోచించుకోవచ్చు. ఆమె చేతిసంచీని ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంది.

ఆయన కిందికి దిగి విజిల్ ఊదాడు. అదే ఊదుకు వాన కూడా మొదలైంది.

మామూలు వాన కాదు. మోరీ నిండి వెనక్కి తన్ని, చూస్తుండగానే వాకిట్లో నీళ్ళు పాదాలు ముంచాయి. రమ్య కేరింతలు కొట్టింది. “రియల్‌గనే వచ్చింది! ఎక్కుండ్రి, ఎక్కుండ్రి!” అని ఆయన అరిచాడు. రాణి పిల్లనెత్తుకొని ఎక్కింది. మల్సూర్, కృష్ణమూర్తి కుర్చీకి చెరో పక్కా పట్టుకొని, ఒక్కో మెట్టుకూ ఆగుతూ ఎక్కారు. కుర్చీలో లక్ష్మీనర్సమ్మ ఒక చేత్తో కొడుకు మెడ, ఇంకో చేత్తో కృష్ణమూర్తి కాలరు పట్టుకుంది.

“నా పెండ్లిల గూడ ఇట్ల మొయ్యలే ఎవరు,” అంది.

గేటు దగ్గర అందరూ ఆగారు. అనసూయ పిన్నీసు నుంచి చెవి తీసి తన తాళం తెరిచింది. ఆయన చెయ్యి నడుము దగ్గరికి పోయింది. బెల్టు తగిలింది. రెండు జేబులూ తడుముకున్నాడు. ఆ తర్వాత గ్రిల్లు కమ్మీల్లోంచి లోపలికి, మూసిన తలుపుల వైపు చాలాసేపు చూశాడు.

“లుంగీ,” అన్నాడు.

రెయిన్‌కోట్లు, టార్చిలైట్లు, తాడు, నారింజ రంగు జాకెట్, అన్నీ ఆ తలుపుల వెనక డ్రమ్ములో, తాళం కింద భద్రంగా ఉన్నాయి.

మల్సూర్ నవ్వు ఆపుకోవడానికి మొహం తిప్పుకున్నాడు. “వెల్డింగు భిక్షపతిని తీస్కొస్త సారూ. సందు చివరనే ఉంటడు,” అని చెప్పులు చేత పట్టుకొని నీళ్ళలోకి దిగాడు.

మిగిలినవాళ్ళు మెట్ల మీద ఉండిపోయారు. రాణి గోడవారగా ఒదిగి కూర్చుంది. రమ్యను అనసూయ తన ఒళ్ళోకి తీసుకొని కొంగు కప్పింది. లక్ష్మీనర్సమ్మ కుర్చీ వద్దని కిందికి జారి, గేటుకు ఆనుకొని సర్దుకుంది. అలవాటైన చోటు. కృష్ణమూర్తి ఒక్కడే నిలబడ్డాడు. బూట్లలోకి నీళ్ళు దిగి, కదిలినప్పుడల్లా చప్పుడవుతోంది.

“గట్ల నిలవడితే జారతవ్ సారూ. కూసో. అటు గాదు, గోడ దిక్కు. అంచుకు కూసుంటే మీదికెల్లి ధార వడ్తది,” అంది లక్ష్మీనర్సమ్మ.

ఆయన చెప్పినచోట కూర్చున్నాడు.

“నీకెట్ల తెలుసవ్వా?”

“ఏమంటవయ్యా, ఒక్క గడియ కూసున్నమా? పొద్దు పొడువకముందు ఎక్కినం. నీళ్ళు తియ్యంగ పొద్దు వాలింది. పోరి రెండుసార్లు నిద్రవోయి లేసింది.” ఆమె గొంతులో ఫిర్యాదు లేదు, పక్కూరి సంగతి చెబుతున్నట్టే ఉంది. “గా మెట్టు, సూడు, దాని మీదికి పామొచ్చింది. అది గూడ భయపడే వచ్చినట్టుంది, పాపం. మల్సూరు చెప్పుతోని నూకిండు.”

కృష్ణమూర్తి కాళ్ళు దగ్గరికి లాక్కున్నాడు.

“నీ భార్య రోకలి తెచ్చి లోపల్కెల్లి కొట్టింది, కొట్టింది. చేతులు బొబ్బలెక్కినయ్. ఇగ వద్దు బిడ్డా అన్న. చాయ్ జేసి తెచ్చింది. గిలాస ఈ కమ్మీలల్ల పట్టలే. చెంచాతోని తాగిచ్చింది, ఒక్కొక్కళ్ళకు. అన్నం గూడ ముద్దలు వెట్టి ఇచ్చింది. నాకు పండ్లున్న రోజుల్ల గూడ గట్ల ఎవరు తినిపియ్యలే.” ఆమె కొంగుతో నోరు మూసుకొని నవ్వింది. “పోరిది ఒక్కటే పరేషాన్. నిద్రల జారి నీళ్ళల్ల పడ్తదేమోనని. నీ భార్యనే లోపల కూసోని, కమ్మీలల్ల చెయ్యి వెట్టి దాన్ని వట్టుకున్నది. చెయ్యి తిమ్మిరెక్కినా తియ్యలే. నేను వట్టుకుంట అన్నా ఇయ్యలే.”

అనసూయ రమ్య జుట్టు తుడుస్తూ ఉంది. తల ఎత్తలేదు.

కృష్ణమూర్తి వెనక్కి తిరిగి, గ్రిల్లు కమ్మీల మధ్య తన చెయ్యి పెట్టాడు. మణికట్టు దూరింది. మోచేతి దగ్గర ఎముక తట్టి ఆగింది. ఇంకాస్త నెట్టాడు. చొక్కా చెయ్యి పైకి పోయి, ఇనుము చర్మానికి తగిలింది. తీయకుండా కొంతసేపు అట్లాగే ఉంచాడు.

“నాకు చెప్పలేదేంది?” అన్నాడు. అడిగింది అనసూయనే, చూపు మాత్రం చేతి మీదే ఉంది.

“గేటు తీసుకుంటనే ‘మెట్ల మీద మంచిగనే ఉన్నరు గదా’ అన్నరు మీరు. ఇంక చెప్పేదేముంది?”

రేకుల మీద వాన ఉధృతం పెరిగింది. ఆ చప్పుడుకు అనసూయ తన చేతుల వైపు చూసుకుంది. అవి పిల్ల వీపు మీద నెమ్మదిగా జోకొడుతున్నాయి. ఆగలేదు.

మల్సూర్ వెనక భిక్షపతి గోనెసంచి నెత్తిన వేసుకొని వచ్చాడు. కరెంటు లేదు కాబట్టి మిషను పని చేయదని, చేతిరంపం బ్లేడు తీసి తాళం కొండీ మీద ఆనించి గీశాడు. కొంచెంసేపు గీసి ఆగి, వేలితో తడిమి చూశాడు. “మంచి మాల్ సారూ ఇది. ఎక్కడ కొన్నరు?”

ఏడాదిగా ఈ మాట వినాలనే వచ్చినవాళ్ళందరికీ తాళం చూపించిన మనిషి. ఇవాళ తల వంచుకొని బూట్లలోని నీళ్ళు పారబోశాడు.

“తాళం తెగినంక ఇంకో పనుంది,” అన్నాడు. “గేటు బందులు గూడ కోసి, గేటు తీస్కపో. నీ షాపుల పెట్టుకో.”

“మొత్తం గేటా?”

“మొత్తం.”

“దొంగలొస్తే?” అంది అనసూయ చాలా వినయంగా.

“తలుపుకు గడె ఉన్నది గదా. చాలు.” ఆయన ఆమె వైపు అనుమానంగా చూశాడు. “తాళాలు వడంగ నువ్వు వెనకనే ఉంటివి. సూడలేదా?”

“వానల సరిగ్గ కనిపియ్యలే.”

అప్పటికింకా వాన రాలేదని ఆయనకు గుర్తుకొచ్చినట్టే ఉంది. కొండీ తెగి తాళం మెట్టు మీద పడింది. గేటు తెరుచుకుంది. ఎవరూ వెంటనే లేవలేదు. ముందు ఎవరు పోవాలో తెలియనట్టు ఉన్నారు. కృష్ణమూర్తి వంగి, లక్ష్మీనర్సమ్మ చంకల కింద చేతులు వేసి లేపి, ఆమెను మొదట లోపలికి నడిపించాడు.

రాణి మల్సూర్ చెవిలో ఏదో అడిగింది. “సూద్దాం తియ్,” అన్నాడు అతను. “చివ్వెంల అర్ర యాడికి పోతది. ముందుగాల బట్టలు మార్సు పోరికి.”

అనసూయ తువ్వాళ్ళు తెచ్చి ఇచ్చింది. లక్ష్మీనర్సమ్మను హాల్లో సోఫా మీద కూర్చోబెట్టి కృష్ణమూర్తి ఆమె ముందు గచ్చు మీద గొంతుక్కూర్చున్నాడు. ఆమె పాదాల తడి తుడవబోయాడు. ఆమె వద్దని కాళ్ళు లాక్కుంది. తువ్వాలు ఆయన చేతిలోనే ఉండిపోయింది. దాన్ని మడిచి, విప్పి, మెల్లగా ఏదో అన్నాడు.

“ఏందయ్యా?” అంది ఆమె. “వాన చప్పుడుకు ఇనవడ్తలే. జర గట్టిగ చెప్పు.”

ఆయన అందరి మొహాలూ చూశాడు. రాణిని, మల్సూర్‌ను, బయట బందులు కోస్తున్న భిక్షపతిని, చివరికి భార్యను.

“మెట్ల మీద మీరు మంచిగ లేరు అవ్వా,” అన్నాడు, వీధిలోకి కూడా వినబడేంత గట్టిగా. “ఏడాది సంది నేను అంటున్నది తప్పు. నాదే తప్పు.”